మునిగిన ఓడకు చెవి పరీక్ష

1986 మే నెల. గుంటూరులో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి నర్సింగ్ హోమ్‌లో నేను ఆడియోమెట్రీ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్లయింది. అంటే చెవులు ఎంత వింటాయో కొలిచే మనిషిని. మా ఇంట్లో అందరూ బడిపంతుళ్లే, నేనొక్కదాన్నే ఈ దారి పట్టాను. "చెప్పడం మా పని, విన్నారో లేదో చూడటం నీ పని" అని మా నాన్నగారు వేళాకోళం చేసేవారు.

మా పని చూడటానికి చాలా తేలిక. ఆడియోమీటర్ అని ఒక పెట్టె ఉంటుంది. రోగి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి నేను మీట నొక్కుతాను. లోపల సన్నగా ఒక ధ్వని వస్తుంది. వినబడితే ఆయన వేలెత్తాలి. ధ్వనిని తగ్గించుకుంటూ పోయి, వేలు లేవడం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కాగితం మీద గుర్తు పెడతాను. ఇలా లావు గొంతు నుంచి కీచు గొంతు దాకా ఆరు మెట్లు ఉంటాయి. వాటి కొలత పేరు హెర్ట్జ్. రెండు వందల యాభై హెర్ట్జ్ ఎద్దు రంకె లాంటిదనుకుంటే, నాలుగు వేలు ఈల లాంటిది. మధ్యలో వెయ్యి ఉంటుంది, హార్మోనియం మీద పైస్థాయిలో పలికే స్వరంలాగా.

రోగిని కూర్చోబెట్టడానికి చెక్కతో కట్టిన చిన్న గది ఉండేది. డాక్టరు గారు జిన్నింగ్ మిల్లు నుంచి పత్తి తెప్పించి, గోనె సంచుల్లో కూరించి, దాని గోడలకు లోపలివైపు పరుపుల్లా కొట్టించారు. బయట లారీ పోయినా లోపలికి వినిపించదు. గాలి కూడా రాదు. ఫ్యాను పెడితే చప్పుడు, పెట్టకపోతే మే నెల. పెద్దవాళ్లను అందులో కూర్చోబెడితే కళ్లు తిరుగుతున్నాయని లేచొచ్చేవారు. అందుకని ఎండాకాలం మధ్యాహ్నాలు చెక్కగదిని వదిలేసి, బయట నా గదిలోనే కిటికీలు మూసి, రోగిని నాకు వీపు పెట్టి కూర్చోబెట్టి పరీక్ష కానిచ్చేదాన్ని. ఆ గదిలో రోగికి ఎదురుగా అద్దాల తలుపుల బీరువా ఒకటి ఉండేది, శాంపిల్ మందులు పెట్టుకోవడానికి. ఆ బీరువా సంగతి గుర్తుంచుకోండి.

చెవిటితనం నటించేవాళ్లు మాకు కొత్త కాదు. బదిలీ తప్పించుకోవడానికి, తేలిక పనిలోకి మారడానికి కాగితం కావాలని వస్తారు. వాళ్లను పట్టడానికి నా దగ్గర మంచి ఉపాయం ఉండేది. వెనక నుంచి మెల్లగా "మీ చొక్కా మీద కాఫీ ఒలికిందండీ" అంటే చాలు, చాలామంది తల దించి చూసుకునేవారు. నన్ను మోసం చేసే చెవి గుంటూరు జిల్లాలో పుట్టలేదని కాస్త గర్వంగానే ఉండేదాన్ని.

రాఘవులు గారు వచ్చింది ఆ గర్వం మీదికే. అరవై దాటిన మనిషి, బక్కపలచన, నిటారుగా నడుస్తాడు. మార్టూరు దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో పని. ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చినవాడు అదే క్వారీలో మేస్త్రీ అంజయ్య. ఆయన్ని బాబాయ్ అంటాడు గానీ చుట్టరికమేమీ లేదు. క్వారీ యజమాని డాక్టరు గారికి ఉత్తరం ఇచ్చి పంపాడు. ఈ మనిషికి చెవులు సరిగ్గా వినబడుతున్నాయని కాగితం ఇస్తేనే పనిలో ఉంచుతాను, లేకపోతే లేదు అని దాని సారాంశం.

కూర్చోబెట్టి మీట నొక్కాను. వేలు లేచింది. తగ్గించాను, లేచింది. ఇంకా తగ్గించాను, అయినా లేచింది. కుడి చెవి, ఎడమ చెవి, ఆరు మెట్లూ అంతే. ముసలాయన పుణ్యాత్ముడనుకుని గీతలు గీసి, కాగితం డాక్టరు గారి బల్ల మీద పెట్టి వచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని. గుమ్మంలోంచి అంజయ్య "బాబాయ్, ఇక లేస్తావా, బస్సు పోద్ది" అన్నాడు. ఆయన కదల్లేదు. అంజయ్య మళ్లీ పిలిచాడు. మిర్చి యార్డు నుంచి వచ్చే ఘాటుకు ఒక తుమ్ము కూడా తుమ్మాడు. ఉలుకూ పలుకూ లేదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు తలెత్తి, అంజయ్య నోటికేసి చూసి "పదరా" అన్నాడు.

అప్పుడు ఆలోచిస్తే తట్టింది. అరవై ఏళ్ల మనిషికి, అందులోనూ రాళ్లు పేల్చే చోట పనిచేసేవాడికి, పదేళ్ల పిల్లాడి చెవులెలా ఉంటాయి? నేను పప్పులో కాలేశాను. పరుగెత్తి డాక్టరు గారి బల్ల మీది కాగితం తీసుకున్నాను. ఆయన పెన్ను చేతిలో పట్టుకునే ఉన్నారు. మళ్లీ చూడాలండీ అంటే కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూసి పెన్నుకు మూత పెట్టారు.

కుర్చీ వెనక నా చోటులో కూర్చుని బీరువా వైపు చూశాను. అద్దంలో నా చెయ్యి స్పష్టంగా కనిపిస్తోంది. మీట నొక్కినప్పుడల్లా నా గాజులు ముంజేతి మీదికి జారుతున్నాయి. తొమ్మిదేళ్లుగా నాకు కనబడని సంగతి ఆ మనిషి వచ్చిన రెండు నిమిషాల్లో కనిపెట్టాడు. ఒక తువ్వాలు తెచ్చి బీరువా అద్దానికి కప్పి, ఆయన్ని మళ్లీ కూర్చోమన్నాను. ఆయన ఆ తువ్వాలు వైపు చాలాసేపు చూశాడు. హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు.

"వద్దులేమ్మా. పైగొంతులు నాకు వినపడవు. మీ గాజులు చూసి ఎత్తాను" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. చెవిటివాణ్ణని అబద్ధమాడితే నష్టపోయేది ఏదో ఒక ఆఫీసు. వినబడుతుందని అబద్ధమాడితే ఏమవుతుందో గుమ్మంలోంచి అంజయ్యే చెప్పాడు. క్వారీలో బండకు వరసగా బెజ్జాలు వేసి, మందు కూరి, వత్తులు అంటించి దూరంగా పోతారు. ఒకటొకటిగా పేలుతుంటే రాఘవులు గారు చెవితో లెక్కపెడతాడు. ఎనిమిది పెడితే ఎనిమిదీ పేలాయని ఆయన చెయ్యి ఊపితేనే మనుషులు మళ్లీ బండ దగ్గరికి వెళతారు. ఒకటి పేలకుండా మిగిలిపోతే, దాని మీద పలుగు పడితే ఇక చెప్పేదేముంది. పదిహేనేళ్లలో ఆయన లెక్క ఒక్కసారీ తప్పలేదట. కానీ కిందటి నెల, వత్తి అంటించబోతున్నామని అవతలి గట్టు మీంచి ఈల వేస్తే అందరూ పరుగెత్తారు, ఆయన మాత్రం బండ దగ్గరే నిలబడిపోయాడు. అంజయ్య వెళ్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. తల మీద పడాల్సిన రాయి జానెడు పక్కన పడింది.

"మీ ఒక్కరి ప్రాణమే కాదండీ. మీ చెవిని నమ్ముకుని పదిమంది బండ దగ్గరికెళతారు. తప్పుడు కాగితం పట్టుకెళితే వాళ్లు పోతారు" అన్నాను, గొంతు కాస్త పెంచే.

"తెలుసమ్మా. ఒకసారి పోయారు" అన్నాడాయన.

అంజయ్య బిత్తరపోయాడు. క్వారీలో అలాంటిదేమీ జరగలేదని నాకు సైగ చేశాడు. రాఘవులు గారు అది చూసి, క్వారీలో కాదురా, ఓడలో అన్నాడు. ఆయన నేవీలో చేశాడని అంజయ్యకు తెలుసు గానీ, ఇంతకు మించి ఎన్నడూ చెప్పలేదట.

నాకు ఆరాలు తీసే గుణం పుట్టుకతో వచ్చింది. డాక్టరు గారి కాగితం సంగతి పక్కన పెట్టి, మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆయనకు ఎదురుగా కూర్చుంటే నోరు చూసి మాటలు పట్టుకుంటాడని అప్పటికి అర్థమైంది. ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పందొమ్మిదేళ్లకు మిరప చేలోంచి లేచి వెళ్లి నేవీలో చేరాడు. ఊళ్లో భజనకు హార్మోనియం వాయించేవాడు. శిక్షణలో ఒక తెల్ల అధికారి రెండు ధ్వనులు వినిపించి ఏది హెచ్చు, ఏది తగ్గు అని అందరినీ అడిగాడు. ఈయన ఒక్కటీ తప్పలేదు. దాంతో యాస్‌డిక్ అనే పనిలో వేశారు. నీళ్లలోకి ఒక ధ్వని వదులుతారు. కింద జలాంతర్గామి ఏదైనా ఉంటే ఆ ధ్వని దానికి తగిలి తిరిగొస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ తిరిగొచ్చే ధ్వని కోసం కాచుకుని కూర్చోవడమే పని. తిరిగొచ్చిన శ్రుతి హెచ్చితే శత్రువు దగ్గరికొస్తున్నట్టు, తగ్గితే దూరం పోతున్నట్టు. హార్మోనియం వాయించిన చెవికి అది ఆటలా ఉండేదట.

తెల్లవాళ్ల నేవీకి చెందిన ఒక డిస్ట్రాయర్ మీదికి పని నేర్చుకోమని మనవాళ్లను కొందరిని పంపితే, అందులో ఈయన ఒకడు. డిస్ట్రాయర్ అంటే సరుకు ఓడల మంద చుట్టూ కాపలా కుక్కలా తిరిగే సన్నటి, వడిగల యుద్ధనౌక. దాని పేరు ఒకసారి పలికాడు, నాకు నోరు తిరగలేదు. అది బొంబాయి నుంచి పడమటికి, కొలంబో నుంచి కలకత్తాకు ఓడల్ని దాటించింది. కాలిపోతున్న నూనె ఓడ మనుషుల్ని ఎక్కించుకొచ్చింది. తుఫానులో ముందు భాగం వంగిపోతే రేవులో నెల్లాళ్లు పడి ఉంది. ఆ ఓడను గురించి చెబుతుంటే ఆయన మొహం ఎద్దుల జత గురించి చెప్పే రైతు మొహంలా అయింది. దాని ఇంజను ఎప్పుడు దగ్గేదో, ఏ మెట్టు దగ్గర తల తగిలేదో అన్నీ గుర్తే.

తర్వాత బర్మా తీరం మీద రెండు రోజులు ఫిరంగి గుండ్లు కురిపించారు. లోతు తక్కువ నీళ్లు, జలాంతర్గామి రాదు కాబట్టి యాస్‌డిక్ వాళ్లను కూడా గుండ్లు అందించే పనికి పెట్టారు. పెద్ద ఫిరంగి ఈయనకు ఎడమవైపు. రెండు రోజుల తర్వాత చెవుల్లో హోరు. వారం రోజులకు హోరు తగ్గింది గానీ, ఓడలో వేసే ఈల మాత్రం వినబడటం మానేసింది. నెల తిరిగాక ఓడ వైద్యుడి సహాయకుడు అందరి చెవులూ చూశాడు. వెనక నిలబడి గుసగుసగా మాటలు చెబితే తిరిగి చెప్పాలి. ఎదురుగా గోడకు గడ్డం గీసుకునే అద్దం ఉంది.

"అద్దంలో ఆయన పెదాలు చూసి చెప్పేశానమ్మా. తప్పితే నన్ను దించి వంటశాలలో వేస్తారు. ఆ కుర్చీ వదులుకోబుద్ధి కాలేదు."

మరి మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం, సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. కుర్చీలో ఈయనే ఉన్నాడు. తిరిగొచ్చే ధ్వని ఏదీ లేదు. లేదు, లేదు అని వింటూ ఉండగానే టార్పెడో తగిలింది. అన్నం వార్చేంత సేపట్లో ఓడ రెండు ముక్కలై దిగిపోయింది. బతికినవాళ్లు కొద్దిమంది. తర్వాత విచారణలో ఏమైనా విన్నావా అని అధికారి అడిగాడు. లేదు అన్నాడు. ఆయన అదే రాసుకున్నాడు. చెవి సంగతి ఎవరూ అడగలేదు, ఈయన చెప్పలేదు. పక్క బెర్తులో పడుకునే కాకినాడ వాడు, తనకు ఇంగ్లీషు అంకెలు నేర్పించిన తెల్లవాడు, వంటవాడు, అందరూ తన అబద్ధం వల్లే పోయారని నలభై ఏళ్లుగా ఆయన నమ్మకం. అందుకే క్వారీలో వినే పనే అడిగి తీసుకున్నాడు. ఈసారి తప్పకూడదని. ఆ పని పోతే తను ఇంకెందుకని.

అంజయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. రేపు పొద్దున్నే ఆరున్నరకు రమ్మన్నాను, చల్లగా ఉంటుంది, చెక్కగదిలో సరైన పరీక్ష చేస్తానని. ఆ రాత్రికి గుంటూరులో అంజయ్య చుట్టాలింట్లో ఉన్నారు.

పొద్దున చెక్కగదిలో, గోడకేసి కూర్చోబెట్టి, నా గాజులు కూడా తీసి పక్కన పెట్టి మొదలెట్టాను. ఈసారి ఆయన నిజాయితీగా వేలెత్తాడు. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుర్తు కాగితం అడుక్కు పడిపోయింది, ఎడమ చెవికి మరీను. పెద్ద చప్పుళ్లు తిన్న చెవికి అక్కడే గొయ్యి పడుతుంది. మేము దాన్ని నాచ్ అంటాం. ఈల గొంతు సరిగ్గా అక్కడే ఉంటుంది. అయితే కింది మెట్లు నేను అనుకున్నట్టు లేవు. రెండు వందల యాభై, ఐదు వందలు బాగానే ఉన్నాయి. మనుషుల గొంతు ఆయన చెవికి హోరులా చేరుతుంది గానీ, పైగొంతులు లేక మాటలు విడిపడవు, అందుకే నిన్న అంజయ్య పిలిచింది తననని తెలియలేదు. వెయ్యి దగ్గర చాలా సన్నగా వేశాను. వేలు లేచింది. అంతటితో ఆగక ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఇదేనమ్మా. ఇదే దాని శ్రుతి" అన్నాడు.

యాస్‌డిక్ ధ్వని గొంతా అని అడిగితే, అర మెట్టు అటో ఇటో గానీ ఇదే అన్నాడు. హార్మోనియం వాయించిన మనిషి, నమ్మాను. కలం కింద పెట్టేసి కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. మా పనిలో మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది. చప్పుడుకు అలా చెడిపోయిన చెవి తర్వాత బాగుపడదు. వయసుతో ఇంకా తగ్గుతుందే గానీ పెరగదు. అలాంటప్పుడు ఇవాళ బాగున్న మెట్టు, నలభై ఏళ్ల కిందట, ఫిరంగి హోరు తగ్గిన నాలుగు నెలలకు, ఇంతకన్నా బాగానే ఉండి ఉండాలి.

ఎదురుగా కూర్చుని, కాగితం చూపించి, ఈ మాట రెండుసార్లు చెప్పాను. ఆ ఓడ మీద మీకు పోయింది ఈల గొంతు, మీ పనికి కావలసిన గొంతు కాదు, అది వస్తే మీకు వినబడేది అని. సముద్రం సంగతి, ఆ జలాంతర్గామి ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు, నా పెట్టెకు తెలిసింది చెవి ఒక్కటే అని కూడా చెప్పాను. ఆయన తలూపాడు గానీ నమ్మినట్టు లేడు. నలభై ఏళ్లు మోసిన బరువు ఎవరో టెక్నీషియనమ్మ దించమంటే దిగుతుందా?

ఎనిమిదింటికి డాక్టరు గారు వచ్చి చూసి, వత్తుల దగ్గరికి, ఈల విని తప్పుకోవాల్సిన చోటికి ఈయన పోకూడదని తెగేసి రాశారు. బండ పేలిన చప్పుడు లావు గొంతు కాబట్టి వినగలడని, దూరంగా షెడ్డు దగ్గర, పక్కన ఇంకొకరితో కలిసి లెక్కపెట్టుకోవచ్చని రాశారు. ఈలతో పాటు ఎర్రజెండా ఊపండయ్యా అని అంజయ్యకు చీవాట్లు కూడా పెట్టారు. రాఘవులు గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఆ వెయ్యి ఇంకొక్కసారి వెయ్యండి. ఎంత సన్నగా వెయ్యగలిగితే అంత."

మళ్లీ చెక్కగదిలో కూర్చోబెట్టాను. వేశాను. వేలు లేచింది. తగ్గించాను, లేచింది. ఇంకా ఇంకా తగ్గించాను. నాకే వినబడదేమో అన్నంత సన్నగా వేసినా లేచింది. అప్పుడు నేను మీట నొక్కడం ఆపేశాను. మా పరీక్షలో అదొక పద్ధతి. మధ్యలో ఏమీ వేయకుండా ఊరుకుంటాం, ఊహించి ఎత్తుతున్నాడేమో చూడటానికి.

ఆయన చెయ్యి మోకాలి మీద ఉంది. వేలు లేవలేదు. చెక్కగది తలుపు కాస్త తెరిచే ఉంచాను, ఆయన వీపు కనిపిస్తోంది, ఒళ్లంతా చెవి చేసుకుని కూర్చున్నాడు. ఒక నిమిషం గడిచి ఉంటుంది. అప్పుడు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఇప్పుడేమీ లేదు కదమ్మా?"

లేదనబోయి, హెడ్‌ఫోన్‌లో ఉన్న ఆయనకు వెనక నుంచి నా మాట తెలియదని గుర్తొచ్చి, వెళ్లి ఎదురుగా నిలబడి లేదండీ అన్నాను.

హెడ్‌ఫోన్ తీసి రెండు చేతులతో నాకు అందించాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆ రోజూ ఇలాగే ఉందమ్మా" అన్నాడు.

అంజయ్య ఆయన్ని పట్టుకుని బస్టాండుకు తీసుకెళ్లాడు. నేను ఆ మధ్యాహ్నమే అటెండరును పిలిచి బీరువాను వరండాలోకి జరిపించాను. గాజులు తీసి పరీక్ష చేయడం అలవాటు చేసుకున్నాను. అంతవరకూ నేను కాగితంలో పడిపోయిన గుర్తుల్నే చూసేదాన్ని, మనిషికి ఏం పోయిందో రాసిస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. మిగిలినదాన్ని కూడా చదివి మనిషికి చెప్పాలని రాఘవులు గారి దగ్గర నేర్చుకున్నాను. ఇక మధ్యలో ఏమీ వేయకుండా ఊరుకునే ఆ నిమిషం ఉంది చూశారూ, అప్పుడు ఎవరైనా వేలెత్తకుండా నిబ్బరంగా కూర్చుంటే, ఆ మాట కూడా కాగితం మీద రాస్తాను.